ఫోన్లు మారినా మిగిలిన ఫైళ్లు: వీకార్డ్, దాని చుట్టాల మీద దీర్ఘకాల సమీక్ష

ఫోన్ల మీద, వాచీల మీద సమీక్షలకు కొదవ లేదు. కెమెరా ఎలా ఉంది, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, అన్నీ చెప్తారు. ఆ ఫోన్ మూలపడ్డాక మన దగ్గర ఏం మిగులుతుందో మాత్రం ఎక్కడా కనబడదు. మిగిలేవి కొన్ని ఫైళ్లు: కాంటాక్ట్‌లకు వీకార్డ్, క్యాలెండర్‌కు ఐక్యాలెండర్, ఫొటోల్లో దాగి ఉండే ఎగ్జిఫ్, పట్టికలకు సీఎస్‌వీ, మిగతా అన్నిటికీ ఎక్స్‌ఎంఎల్ లేదా జేసన్. చాలా ఏళ్లుగా నా సమాచారమంతా ఈ రూపాల్లోనే బయటికి తీసి దాచుకుంటున్నాను. అవి ఎంతవరకు నమ్మదగ్గవి, ఎక్కడ చేతులెత్తేస్తాయి అన్నది ఇక్కడ రాస్తున్నా.

ముందే ఒక మాట. వీటిలో ఏదీ నన్ను పూర్తిగా ముంచలేదు. ఏడిపించినవన్నీ వీటిని సగం సగం పాటించే యాప్‌లు, ఫోన్లు. ప్రమాణంలో, అంటే అందరూ పాటించాలని రాసిపెట్టిన నియమాల్లో, పది ఉంటే ఆరు పాటించి, 'సపోర్ట్ ఉంది' అని డబ్బా మీద అచ్చు వేసుకుంటారు. మిగతా నాలుగూ మన నెత్తిన పడతాయి.

వీకార్డ్ నాకు ఎందుకు నచ్చుతుందంటే, దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. మొదట 'బిగిన్ వీకార్డ్', చివర 'ఎండ్ వీకార్డ్', మధ్యలో ఒక్కో వరుసలో పేరు, నంబరు, ఈమెయిల్, పుట్టినరోజు. దాన్ని రాసిన యాప్ కంపెనీ మూతబడినా ఫైల్ చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1990ల మధ్యలో యాపిల్, ఏటీ అండ్ టీ, ఐబీఎం, సీమెన్స్ కలిసి పెట్టుకున్న వెర్సిట్ అనే కూటమి దీన్ని తెచ్చింది. 2.1 వెర్షన్ 1996లో, 3.0 1998లో, 4.0 2011లో వచ్చాయి. 4.0 వచ్చి ఇన్నేళ్లయినా, నేను వాడిన ఫోన్లలో కొన్ని 2.1లోనే ఎగుమతి చేశాయి. తెలుగు పేర్ల కష్టాలు అక్కడే మొదలు.

2.1 పుట్టిన రోజుల్లో ఇంగ్లిష్ అక్షరాలదే రాజ్యం. వేరే లిపి ఉంటే దాన్ని 'కోటెడ్ ప్రింటబుల్' అనే పద్ధతిలో మార్చి రాయాలి. యూటీఎఫ్-8లో, అంటే అన్ని లిపులనూ బైట్లుగా రాసే నేటి వాడుక పద్ధతిలో, ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. ఈ పద్ధతిలో ఒక్కో బైటు, ముందున్న సమానం గుర్తుతో కలిపి, 3 అక్షరాలవుతుంది. అంటే గుణింతపు గుర్తులతో సహా ప్రతిదానికీ 9 అక్షరాలు. 'రామారావు' అంటే యూనికోడ్ లెక్కలో 8 గుర్తులు, ఫైల్‌లో 72 అక్షరాలు. ఇంటిపేరు కూడా చేరిస్తే వరుస పొడవు దాటిపోతుంది, దాన్ని విరిచి కింది వరుసలో కొనసాగించాలి. రాసే యాప్ ఒక రకంగా విరుస్తుంది, చదివే యాప్ ఇంకో రకంగా అతుకుతుంది. చివరికి పేరు సగంలో ఆగిపోతుంది, మిగతా సగం సమానం గుర్తులూ అంకెలూ కలిసిన చెత్తగా కనబడుతుంది.

3.0కి మారితే ఈ బాధ తీరుతుంది, ఇంకొకటి వస్తుంది. వరుస 75 అక్షరాలు దాటితే దాన్ని తెంచి, కింది వరుసను ఒక ఖాళీతో మొదలుపెట్టాలని నియమం. 4.0లో ఆ 75 బైట్ల లెక్క అయింది, 3.0లోనూ బైట్లే లెక్కపెట్టే యాప్‌లున్నాయి. తెలుగు గుర్తుకు 3 బైట్లు కాబట్టి కోత సరిగ్గా గుర్తు మధ్యలో పడొచ్చు. అలా తెంచకూడదని 4.0 ప్రమాణం స్పష్టంగా రాసింది, అయినా తెంచే యాప్‌లున్నాయి. చదివేవాడు ముందు వరుసలు కలిపి, తర్వాత అక్షరాలుగా మారిస్తే అప్పటికీ ఏ నష్టమూ ఉండదు. కొందరు ముందే అక్షరాలుగా మార్చేస్తారు. రెండు ముక్కలూ చెడిపోయి, ప్రశ్న గుర్తున్న నల్ల డైమండ్లు మిగులుతాయి. పేర్లన్నీ ఇంగ్లిష్‌లో పొట్టిగా రాసుకునేవాళ్లకు ఇది జన్మలో ఎదురుకాదు. యాప్‌ను పరీక్షించేవాళ్లు ఎక్కువగా వాళ్లే.

4.0లో యూటీఎఫ్-8 తప్ప వేరే దారి లేకుండా చేశారు. ఈ ప్రమాణం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం అదే.

పుట్టినరోజుల సంగతి తమాషాగా ఉంటుంది. చాలామంది పుట్టిన తేదీ, నెల మనకు తెలుస్తాయి, ఏడాది తెలియదు. 3.0లో దానికి చోటు లేదు. అందుకని ఒక కంపెనీ ఉత్తుత్తిగా 1604 అని ఏడాది వేసి, పక్కన 'దీన్ని పట్టించుకోకండి' అనే తన సొంత గుర్తు తగిలించింది. ఆ గుర్తు ఆ ఇంటివాళ్లకే అర్థమవుతుంది. వేరే యాప్‌లోకి తెచ్చుకున్నాక నా స్నేహితుల్లో కొందరికి నాలుగు వందల ఏళ్లు దాటాయి. (1604 లీపు సంవత్సరం, కాబట్టి ఫిబ్రవరి 29న పుట్టినవాళ్లు కూడా ఇముడుతారు. ఆ మేరకు ఆలోచించి పెట్టారు, మెచ్చుకోవాలి.) 4.0లో ఏడాది ఉండాల్సిన చోట రెండు గీతలు పెట్టి, నెల, తేదీ మాత్రమే రాసే వీలు ఇచ్చారు. ఎగుమతి 3.0లో జరుగుతున్నంతకాలం ఆ వీలు కాగితం మీదే ఉంటుంది.

ఇలాంటి సొంత గుర్తులే వీకార్డ్‌కు బలం, రోగం కూడా. ప్రమాణంలో లేనిది ఏదైనా కావాలంటే ముందు 'ఎక్స్' అక్షరం, గీత పెట్టి ఎవరికి తోచింది వాళ్లు చేర్చుకోవచ్చు. నంబరుకు మనం పెట్టుకునే 'పాత ఆఫీసు', 'రాత్రి మాత్రమే' లాంటి లేబుళ్లు అలాగే చేరతాయి. ఫోన్ మారగానే అవన్నీ 'ఇతర' అయిపోతాయి. నంబరు పోలేదు కదా అంటారు. ఒకే మనిషికి నాలుగు నంబర్లుండి, నాలుగూ 'ఇతర' అయితే ఏం చేయాలి?

కాంటాక్ట్‌లు రెండేసి, మూడేసి అయిపోవడం అందరికీ అనుభవమే. దానికి అసలు కారణం చాలా చిన్నది. ప్రతి కార్డుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉండే ఏర్పాటు ప్రమాణంలో ఉంది, కానీ తప్పనిసరి కాదు. ఎగుమతి చేసే యాప్ అది రాయకపోతే, తెచ్చుకునే యాప్‌కు ఈ కార్డు కొత్తదో పాతదో తెలిసే దారి లేదు. అప్పుడది పేరు, నంబరు చూసి ఊహిస్తుంది. ప్లస్ గుర్తుతో ఉన్న నంబరు, సున్నాతో మొదలైన అదే నంబరు దానికి వేరు వేరు. ఇక 'డూప్లికేట్లు కలపాలా?' అనే బటన్ నొక్కారంటే, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. ఒకే పేరున్న ఇద్దరు వేరు వేరు మనుషులు కలిసిపోతారు, విడదీసే బటన్ చాలా యాప్‌లలో ఉండదు. కలిపే ముందు మొత్తం ఎగుమతి చేసి పక్కన పెట్టుకోండి, ఇంతకు మించి నా దగ్గర మందు లేదు.

ఐక్యాలెండర్ ఈ విషయంలో మెరుగు. అందులో ప్రతి కార్యక్రమానికీ గుర్తింపు సంఖ్య తప్పనిసరి, కాబట్టి బుద్ధిగా రాసిన యాప్‌లో అదే ఫైల్ రెండోసారి వేసినా కార్యక్రమాలు రెట్టింపు కావు. 1998లో వచ్చిన ఈ ప్రమాణాన్ని 2009లో సవరించి తిరగరాశారు. నన్ను ఇబ్బంది పెట్టింది సమయం. ఇందులో గంటను మూడు రకాలుగా రాయొచ్చు: ప్రపంచ సమయంలో (యూటీసీ), ఫలానా టైమ్ జోన్‌తో, లేదా ఏ జోన్ లేకుండా 'ఎక్కడుంటే అక్కడి గడియారం ప్రకారం'. మూడూ అవసరమే. మాత్ర వేసుకోవాల్సిన వేళ మనతోపాటు కదలాలి, విమానం బయల్దేరే వేళ కదలకూడదు. టికెట్లతో వచ్చే ఫైళ్లలో జోన్ లేని సమయాలు చూశాను, అవి భలే టెన్షన్ పెడతాయి. రోజంతా ఉండే కార్యక్రమాలది మరో గొడవ. ప్రమాణం ప్రకారం వాటికి తేదీ చాలు, గంట అక్కర్లేదు. కొన్ని యాప్‌లు దాన్ని ప్రపంచ సమయంలో అర్ధరాత్రిగా మార్చుకుంటాయి. అక్కడి నుంచి పడమటి జోన్‌కు వెళ్తే పుట్టినరోజు ఒకరోజు ముందే వచ్చేస్తుంది. పైగా ముగింపు తేదీ లెక్కలోకి రాదు. 10 నుంచి 12 వరకు సెలవు అంటే ఫైల్‌లో ముగింపు 13 అని ఉండాలి. ఇది తెలియని యాప్ రాసిన సెలవులన్నీ ఒకరోజు తరుగు.

సీఎస్‌వీ గురించి ఎక్కువ చెప్పను. ఫైల్ అమాయకమైంది, దాన్ని తెరిచే స్ప్రెడ్‌షీట్‌దే అతితెలివి. నంబరు ముందున్న సున్నా మింగేస్తుంది, పెద్ద అంకెను ఘాతాల్లో చూపిస్తుంది, తెలుగును గజిబిజి గుర్తులుగా మార్చేస్తుంది. ఇది మన ఒక్కరి గోడు అనుకోకండి. స్ప్రెడ్‌షీట్లు తేదీలుగా మార్చేస్తున్నాయని కొన్ని మానవ జన్యువుల పేర్లనే మార్చారు: 'మార్చ్1' కాస్తా 'మార్చ్ఎఫ్1' అయింది, 'సెప్ట్1' కాస్తా 'సెప్టిన్1' అయింది. 2020లో జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ ప్రకటించిన మార్గదర్శకాల్లో ఈ సంగతి ఉంది. అప్పటికి సాఫ్ట్‌వేర్ మారలేదు, శాస్త్రమే తలొగ్గింది.

ఫొటోల్లో ఉండే ఎగ్జిఫ్ 1995 నాటిది. ఫొటో తీసిన తేదీ, లెన్స్, ప్రదేశం అన్నీ బొమ్మలోపలే ఉంటాయి, అందువల్ల ఫైల్ ఎక్కడికి పోయినా దాని చరిత్ర దానితోనే పోతుంది. గొప్ప ఆలోచన. అయితే తీసిన సమయానికి టైమ్ జోన్ రాసే చోటు 2016లో వచ్చిన 2.31 వెర్షన్ దాకా లేదు. అంతకు ముందు ప్రయాణాల్లో తీసినవి, రెండు కెమెరాలవి కలిపి పేర్చితే వరుస తప్పుతాయి. జీపీఎస్ ఉన్న ఫొటోలైతే నయం, అందులోని సమయం ప్రపంచ సమయమే కాబట్టి తేడా లెక్కకట్టి సరిచేయొచ్చు. ఫొటోలు పక్కకు పడుకుని కనబడటానికి కారణం కూడా ఇక్కడే ఉంది. చాలా ఫోన్లు బొమ్మను తిప్పవు, 'చూపించేటప్పుడు ఇలా తిప్పు' అని 1 నుంచి 8 దాకా ఒక అంకె రాసి వదిలేస్తాయి. ఆ అంకెను చదవని యాప్‌లో బొమ్మ అడ్డంగా ఉంటుంది. బొమ్మను నిజంగానే తిప్పేసి, అంకెను మార్చడం మరిచిపోయే యాప్‌లు ఇంకా ఘోరం, తర్వాత చూసేవాడు మళ్లీ తిప్పుతాడు.

నన్ను బాగా మండించింది మాత్రం ఒక క్లౌడ్ సేవ ఎగుమతి. ఫొటోల తేదీలను, నేను రాసుకున్న వివరణలను బొమ్మలోపల కాకుండా పక్కన విడి జేసన్ ఫైళ్లలో పెట్టి ఇచ్చింది. ఫైల్ పేరు పొడవైతే ఆ జేసన్ పేరు కత్తిరించి మరీ ఇచ్చింది, ఏది దేనిదో జత కలపలేకుండా. స్కాన్ చేసిన పాత ఫొటోలకు నేను సరిచేసిన తేదీలన్నీ ఆ పక్క ఫైళ్లలోనే చిక్కుకున్నాయి.

ఎక్స్‌ఎంఎల్‌ను తిట్టడం ఇప్పుడు ఫ్యాషన్. 1998 ఫిబ్రవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ప్రమాణంగా ఆమోదించింది, ఒక్క ట్యాగ్ మూయకపోయినా మొత్తం ఫైల్ చదవనని మొండికేసే రకం. నాకా మొండితనం ఇష్టం. వర్డ్ పత్రాల డాక్స్ ఫైల్ పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే లోపల ఉన్నది ఎక్స్‌ఎంఎల్. పాడైన ఒక పత్రంలోంచి అక్షరాలను అలాగే బయటికి లాగాను. ఈపబ్ పుస్తకాలదీ అదే కథ. చిరాకు పెట్టేది '&' గుర్తు. ఎక్స్‌ఎంఎల్‌లో దాన్ని నేరుగా రాయకూడదు, దాని తర్వాత 'ఏఎంపీ' అని, సెమీకోలన్ పెట్టాలి. ఇంట్లో టీవీకి, స్పీకర్‌కు పాటలు పంపే యూపీఎన్‌పీ పద్ధతిలో పాట వివరాలు ఒక ఎక్స్‌ఎంఎల్, దాన్ని మోసుకెళ్లే సందేశం మరో ఎక్స్‌ఎంఎల్. ఒకదాన్ని ఒకదానిలో కుక్కినప్పుడు ఈ గుర్తు రెండుసార్లు మారుతుంది, పరికరం ఒక్కసారే విప్పుతుంది. తెర మీద పాట పేరు మధ్యలో 'ఏఎంపీ' ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా.

జేసన్ తేలిక, ఎక్కడైనా తెరుచుకుంటుంది. అందులో తేదీ అనే రకమే లేదు, కాబట్టి ఒకరు తేదీని మాటల్లో రాస్తారు, ఒకరు 1970 నుంచి సెకన్లలో, ఇంకొకరు మిల్లీసెకన్లలో. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే సమాచార రక్షణ చట్టం 20వ ఆర్టికల్, మన సమాచారాన్ని యంత్రాలు చదవగలిగే వాడుక రూపంలో ఇవ్వాలంటుంది. దాని పుణ్యమా అని 'మీ డేటా డౌన్‌లోడ్ చేసుకోండి' బటన్లు పెరిగాయి, వచ్చేది చాలాసార్లు జేసన్. కానీ వ్యాకరణం ఒకటే అయినంత మాత్రాన మాటలు ఒకటవవు. లోపల పేర్లు ఎవరివి వాళ్లవే. ఒకరి నోట్స్ ఇంకొకరి యాప్‌లోకి పోవాలంటే మధ్యలో ఎవరో ఒక చిన్న ప్రోగ్రామ్ రాయాల్సిందే. వీకార్డ్‌కు ఎన్ని లోపాలున్నా 'ఇది ఫోన్ నంబరు' అన్నంతవరకు అందరూ ఒప్పుకుంటారు, జేసన్‌లో ఆ పాటి ఒప్పందం కూడా లేదు. కాంటాక్ట్‌లకు ఆ లోటు తీర్చే జేఎస్‌కాంటాక్ట్ ప్రమాణం 2024లో వచ్చింది. బాగానే రాశారు. 4.0ను ఫోన్లు ఎంత త్వరగా అందుకున్నాయో చూశాక నేనేమీ ఎదురుచూడటం లేదు.

మార్కులు అడిగితే ఐక్యాలెండర్‌కు ఐదుకు నాలుగు, వీకార్డ్‌కు మూడున్నర, ఎగ్జిఫ్‌కు నాలుగు, సీఎస్‌వీకి మూడు. ఎగుమతి బటన్లకు ఒకటి, అదీ ఉన్నందుకు.

కొత్త యాప్‌లోకి సర్దుకునే ముందు నేను చేసే పని ఒకటుంది. పొడవైన తెలుగు పేరు, ఏడాది లేని పుట్టినరోజు, సొంత లేబుల్, ఒక ఫొటో ఉన్న కార్డు తయారుచేసి లోపలికి పంపుతాను, వెంటనే బయటికి తీసి రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తాను. ప్రస్తుతం వాడుతున్న యాప్‌లో పేరు, ఫొటో చెక్కుచెదరకుండా వచ్చాయి, లేబుల్ పోయింది, పుట్టినరోజుకు మళ్లీ 1604 వచ్చి చేరింది. అయినా దీన్నే వాడుతున్నా, మిగతావి పేరు కూడా నిలబెట్టలేదు.