మిర్చి యార్డు కొట్లో ఫాక్స్‌ప్రోనా, వీబీ సిక్సా: ఏది మేలు?

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ కొట్లకు లెక్కల ప్రోగ్రాములు చూసిపెట్టడం నా పని. సీజన్ మొదలయ్యే ముందు ప్రతి కొట్లోనూ ఒకటే మాట: "పాతది ఇంకో ఏడాది లాగుద్దా, కొత్తది రాయించమంటావా?"

పాతదంటే ఇక్కడ రెండే. విండోస్‌కి ముందటి నల్ల తెర డాస్ మీద నడిచే ఫాక్స్‌ప్రోలో రాసింది, లేదంటే విండోస్ కోసం విజువల్ బేసిక్ 6 (వీబీ 6)లో రాసింది. మైక్రోసాఫ్ట్ రెంటినీ ఎప్పుడో వదిలేసింది. 1998లో వచ్చిన వీబీ 6కి 2008 ఏప్రిల్‌తో సపోర్టు అయిపోయింది. ఫాక్స్‌ప్రో వంశంలో చివరిదైన విజువల్ ఫాక్స్‌ప్రో 9కి 2015 జనవరిలో మూతపడింది.

వేగంలో ఫాక్స్‌ప్రోకి సాటి లేదు. గుమాస్తా మౌస్ ముట్టడు. రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), కాటా బరువు, ధర, ఎంటర్ మీద ఎంటర్ కొట్టుకుంటూ పోతాడు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద పట్టీ, అంటే రైతుకిచ్చే అమ్మకం లెక్క కాగితం, వచ్చేస్తుంది. పొద్దుటి నుంచి యార్డులో నిలబడి ఉన్న రైతుకి అలా మిగిలే రెండు నిమిషాలూ చిన్నవి కావు.

చిక్కు మిషన్ మార్చినప్పుడు వస్తుంది. 64-బిట్ విండోస్ మీద 16-బిట్ డాస్ ప్రోగ్రాములు నడవవు, విండోస్ 11లో 32-బిట్ రకమే లేదు. డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్ పెట్టి నడపొచ్చు గానీ, అది ఆటల కోసం పుట్టింది, ప్రింటర్ దగ్గర మొండికేస్తుంది. అలాంటిదే అయిన వీడాస్ నయం, ప్రింటింగ్ కూడా అదే చూసుకుంటుంది.

వీబీ 6కి ఈ బాధ లేదు. అది నడవడానికి కావలసిన రన్‌టైమ్ ఫైళ్లు విండోస్ 11లో కూడా వస్తున్నాయి, ప్రోగ్రాము మామూలుగా తెరుచుకుంటుంది. ఇంతవరకు చూస్తే వీబీయే మేలనిపిస్తుంది. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను.

2017 జూలైలో జీఎస్టీ వచ్చాక నా మాట మార్చుకున్నాను. ఒక కొట్లో వీబీ ప్రోగ్రాము రాసిన కుర్రాడు ఎప్పుడో ఊరు వదిలి వెళ్లాడు, సోర్సు, అంటే అతను రాసిన కోడు ఉన్న ప్రాజెక్టు ఫైళ్లు, ఎవరి దగ్గరా లేవు. మిగిలింది నడిచే ఫైలు, ఈఎక్స్‌ఈ, ఒక్కటే. యాక్సెస్ ఫైల్లోని డేటా తీయగలిగాను. తరుగు ఎంత పట్టాలి, ముఠా (బస్తాలు మోసేవాళ్ల) కూలి ఎలా కట్టాలి, కమీషన్ ఎక్కడ రౌండు చెయ్యాలి అన్న లెక్కంతా ఆ ఈఎక్స్‌ఈలోనే ఉండిపోయింది. అందులోంచి చదవగలిగే కోడు వెనక్కి రాదు. పన్ను గీతలు బిల్లుల మీద చేత్తో రాసుకున్నారు. ఫాక్స్‌ప్రోలో అంత దిక్కులేనితనం ఉండదు. కంపైల్ చేసిన ఫైలు నుంచి చాలావరకు కోడు తిరిగి రాబట్టే పనిముట్లున్నాయి, డేటా ఉండే డీబీఎఫ్ ఫైలు లిబ్రె ఆఫీసులోనే తెరుచుకుంటుంది.

అందుకే నా లెక్క ఇది. సోర్సు చేతిలో ఉన్న వీబీ 6ని కదపొద్దు. సోర్సు లేనిదైతే యార్డుకి వేసవి సెలవులిచ్చే రోజుల్లోనే కొత్తది రాయించడం మొదలుపెట్టండి, ఇంకో పన్ను మార్పు వచ్చేదాకా ఆగొద్దు. ఫాక్స్‌ప్రోని వీడాస్‌లో ఉంచుకోవచ్చు. కరెంటు పోయి ఇండెక్సు (డేటా వెతకడానికి వాడే సూచిక ఫైలు) చెడితే మళ్లీ కట్టుకోవచ్చు, రోజూ సాయంత్రం ఫోల్డరు మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యాలి.

రెండూ ఓడిపోయేది తెలుగు దగ్గర. కంప్యూటర్లో తెలుగు లాంటి లిపులు రాసే పద్ధతి అయిన యూనికోడ్ ఫాక్స్‌ప్రో డాస్‌కి తెలియదు. వీబీ 6 సొంత టెక్స్ట్‌బాక్సుల్లో యూనికోడ్ తెలుగు ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. తన పంట డబ్బులోంచి ఏం కోశారో చెప్పే కాగితాన్ని రైతు ఇంకొకరి చేత చదివించుకోవాల్సి వస్తోంది. నాకు ఇది అన్నిటికన్నా పెద్ద లోపం. అలాగని మొత్తం ఒకేసారి తిరగరాయక్కర్లేదు. రెండు కొట్లలో గుమాస్తాలకి ఆ నల్ల తెర అలాగే వదిలేసి, డీబీఎఫ్ చదివి పట్టీ అచ్చువేసే చిన్న పైథాన్ ప్రోగ్రాము పక్కన పెట్టాను. రైతుల పేర్లు కోడు నంబరు వారీగా వేరే పట్టికలో తెలుగులో ఎక్కించాం. ఇప్పుడు అక్కడ కమీషన్, కూలి, తరుగు అన్నీ తెలుగులోనే పడుతున్నాయి.