డెల్టా బురదలో ఎక్స్‌పల్స్ 210

హీరో కంపెనీ బైకు ఎక్స్‌పల్స్ 210 గురించి నన్ను అడిగేవాళ్లు ముందు ఇంజిన్ సంగతి అడుగుతారు, ఆ తర్వాత మైలేజీ. కోనసీమలో ఈ బండి కొనాలనుకునేవారు మొదట అడగవలసింది దాని బరువు ఎంత అని. మైలేజీ సంగతి ఇక్కడే చెప్పేస్తాను: నాకు లీటరుకు 35 నుంచి 40 కిలోమీటర్ల మధ్య వస్తోంది. గట్ల మీద ఎక్కువ తిరిగితే 35 వైపు, హైవే ఎక్కువైతే 40 వైపు. ట్యాంకులో 13 లీటర్లు పడుతుంది కాబట్టి బంకుల గురించి బెంగ లేదు.

నా పని రొయ్యల చెరువుల నుంచి నీళ్లు, మట్టి నమూనాలు తెచ్చి పరీక్షకు ఇవ్వడం. మలికిపురం, సఖినేటిపల్లి వైపు చెరువులు ఎక్కువ. గోదావరి వసిష్ఠ పాయ దాటి నరసాపురం, మొగల్తూరు వైపు కొన్ని. వెనక క్యారియర్ మీద ఐసు పెట్టె, అందులో సీసాలు. రోజులో సగం 216 జాతీయ రహదారి మీద గడుస్తుంది, మిగతా సగం చెరువుగట్లు, పుంతలు, ఏటిగట్లు. ఇదివరకు ఇదే వరుసలో ఎక్స్‌పల్స్ 200, నాలుగు వాల్వుల బండిని కొన్నేళ్లు నడిపాను. అందుకే ఇక్కడ చెప్పేదంతా పాతదానితో పోలికే.

మొదటి ఎక్స్‌పల్స్ 200 వచ్చింది 2019లో. 2021లో నాలుగు వాల్వుల ఇంజిన్ పెట్టారు. 2025 జనవరిలో 210 వచ్చింది. ఇది పాత ఇంజిన్‌కు మెరుగులు దిద్దిన బండి కాదు, ఇంజిన్ మొత్తం వేరు. ఆయిల్ కూలింగ్ పోయి రేడియేటర్ వచ్చింది. అయిదు గేర్లు ఆరయ్యాయి. పాతదానిలో సుమారు 19 ఉన్న హార్స్‌పవర్ దాదాపు 24.5కు పెరిగింది, టార్కు, అంటే చక్రాన్ని తిప్పే బలం, 17.35 న్యూటన్ మీటర్ల నుంచి 20.7కు చేరింది. సస్పెన్షన్ కదలిక ముందు 210 మిల్లీమీటర్లు, వెనక 205. పాత మామూలు రకంలో అవి 190, 170 మాత్రమే. చక్రాలు మారలేదు: ముందు 21 అంగుళాలు, వెనక 18. నేలకు ఇంజిన్‌కు మధ్య ఎడం అప్పుడూ ఇప్పుడూ 220 మిల్లీమీటర్లే.

షోరూమువాళ్లు ఇచ్చే టెస్ట్ రైడు ఊరి సిమెంటు రోడ్డు మీద ఒక చుట్టు. దానివల్ల తెలిసేది సీటు ఎత్తు ఒక్కటే, అది టేపు పెట్టి కొలిచినా తెలుస్తుంది: 830 మిల్లీమీటర్లు. డెమో బండిని కాలువగట్టు మీదికి తీసుకెళ్లనిస్తారా అని నేను ఒకటి రెండు చోట్ల అడిగాను. ఒప్పుకున్నచోట కొన్నాను. కొనబోయేవారు ఎవరైనా అదే అడగాలి. గట్టు మీద ఒక్క ఫర్లాంగు నడిపితే, రోడ్డు మీద పది కిలోమీటర్లు నడిపినా తెలియనిది తెలుస్తుంది.

ఎందుకంటే మన నేల వేరు. ఇలాంటి బళ్ల గురించి వచ్చే వీడియోలన్నీ కొండలు, రాళ్లు, ఎర్రమట్టి. మన దగ్గర రాయి కావాలంటే లారీలో తెప్పించుకోవాలి. గోదావరి దక్కన్ నల్లరేగడి భూముల మీదుగా వచ్చి వేల ఏళ్లుగా ఇక్కడ ఒండ్రు పోసింది. ఆ బంకమన్ను నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. బాగా నానిన లోతు బురద ఒక రకంగా నయం, టైరు లోపలికి దిగి ఏదో ఒకటి పట్టుకుంటుంది. ప్రమాదమంతా తొలి చినుకులప్పుడు. కింద నేల గట్టిగా ఉంటుంది, పైన వేలెడు మందం కూడా లేని జిగురు పొర తయారవుతుంది. టైరు గాళ్లు పది గజాల్లో పూడిపోతాయి. ఆ తర్వాత ఎంత ఖరీదైన టైరైనా నున్నటి టైరే.

ఆ పొర మీద హార్స్‌పవర్ అక్కరకు రాదు. కొత్త ఇంజిన్ పూర్తి టార్కు 7250 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది, పాతది 6500 దగ్గరే ఇచ్చేది. అలాగని కింద నీరసంగా ఉందని అనను. రెండో గేరులో మనిషి నడక వేగంతో కుదుపు లేకుండా లాగుతుంది, ఆ నునుపు పాతదానికి లేదు. కానీ యాక్సిలరేటర్ కొంచెం ఎక్కువ తిప్పితే వెనక చక్రం అక్కడే గిర్రున తిరుగుతుంది, బండి పక్కకు జారుతుంది. పాతదానిలో అంత శక్తి ఉండేది కాదు కాబట్టి తప్పు చేసే అవకాశమూ తక్కువే. కొత్తదానికి చేతిని కొత్తగా అలవాటు చేసుకోవాలి. ఒక కాపు కాలం పట్టింది నాకు.

ఇప్పుడు బరువు. కంపెనీ చెప్పే లెక్క మామూలు రకానికి 168 కిలోలు, అంటే పాతదానికన్నా దాదాపు పది కిలోలు ఎక్కువ. హైవే మీద ఆ పది కిలోలు తెలియవు, పైగా ఎదురుగాలిలో బండి నిలకడగా ఉండడానికి అవే సాయం. చెరువుగట్టు మీద తెలుస్తాయి. గట్టు వెడల్పు రెండు మూడు అడుగులు. ఒక పక్క చెరువు, ఇంకో పక్క బోదె, అంటే చిన్న కాలువ. చివరిదాకా వెళ్లి వెనక్కి తిప్పాలంటే బండిని సైడ్ స్టాండు మీద వాల్చి, దాని మీదే తిప్పాలి. బంకమన్నులో స్టాండు జానెడు దిగబడుతుంది. ఎండిన కొబ్బరి మట్ట మొదలు ఒక ముక్క స్టాండు కింద వేస్తే దిగదు, మన దగ్గర దానికి కొరత లేదు. అయినా తిప్పేటప్పుడు నడుముకు తెలిసేది ఆ పది కిలోలే. బురదలో పడిన బండిని ఒక్కరే లేపడం పాతదానితో కష్టంగానైనా సాధ్యమయ్యేది. దీనితో నేను చెరువు కాపలా మనిషిని కేకేస్తున్నాను.

సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు ఎక్కించేటప్పుడూ ఇదే సంగతి. తడిసిన చెక్కల మీద, ఏటవాలుగా, వెనక పదిమంది తొందరపెడుతుండగా ఎక్కించాలి. తేలికబండి అయితే ఇంజిన్ ఆపి తోసుకుపోవచ్చు. దీన్ని మొదటి గేరులో, క్లచ్ మీద ఎక్కిస్తున్నాను. క్లచ్ మాత్రం చాలా మెత్తన, రెండు వేళ్లు చాలు. స్లిప్పర్ రకం కాబట్టి గేరు గబుక్కున తగ్గించినా వెనక చక్రం బిగుసుకుని ఈడ్చుకుపోదు. వరద రోజుల్లో పంటు ఆపేస్తారు, అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగడమే.

సార్వా, అంటే వానాకాలపు వరికి చేలో నీళ్లు పెట్టి దున్నే దమ్ముల కాలంలో తారురోడ్డు కూడా గట్టుతో సమానమే. దమ్ము చేసిన ట్రాక్టర్లు చేలోంచి రోడ్డెక్కి, ఇనుప చక్రాలకు అంటిన మట్టినంతా మైళ్ల పొడవునా రాల్చుకుంటూ పోతాయి. ఆ ఇనుప చక్రాలతో రోడ్డెక్కడమే తప్పు, అది వేరే గొడవ. ఒక జల్లు పడితే ఆ మట్టి మీద రెండు చక్రాల బండి ఏదైనా ఒకటే. బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకోకుండా చూసేది ఏబీఎస్. ఈ బండి ఏబీఎస్‌లో రోడ్, ఆఫ్‌రోడ్, ర్యాలీ అని మూడు పద్ధతులు ఉన్నాయి. ర్యాలీలో ఏబీఎస్ పూర్తిగా ఆగిపోతుంది. దమ్ము మట్టి పడిన తారురోడ్డు మీద రోడ్ పద్ధతే ఉంచుతాను. గట్టు ఎక్కగానే ఆఫ్‌రోడ్‌కు మారుస్తాను, లేకపోతే బంకమట్టిలో బ్రేకు నొక్కినా బండి ఆగకుండా సాగిపోతుంది. ర్యాలీ వాడేది ఎండాకాలం, లంకల ఇసుకలో మాత్రమే.

ఇసుకలో ఈ బండి నిజంగా బాగుంది. అదనపు శక్తికి ఇక్కడ పని దొరుకుతుంది. చక్రాల్లో గాలి 18 పాయింట్లకు తగ్గించి, బరువు వెనక్కి వేసి, మూడో గేరులో ఆగకుండా పోతే ముందు చక్రం తేలుతూ వెళుతుంది. అంతర్వేదిలో వసిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు కుర్రవాళ్లు ఇలాంటి బళ్లతో సరదాకు వస్తుంటారు. ఆ తీరంలో చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో ఇసుక తిన్నెల మీద బండి తిప్పడం నాకు ఇష్టం లేదు, తిప్పేవాళ్లను చూస్తే చిరాకు కూడా.

నీళ్ల విషయం. జులై, ఆగస్టుల్లో గోదావరికి ఎర్రనీరు, అంటే వరద, వచ్చిందంటే కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది, ఇంకా అలాంటివి చాలా. ఇది ఎత్తైన బండి కదా, దాటేస్తుందా అని అడుగుతారు. నిలవనీరైతే మోకాలి లోతుదాకా దాటింది. పారే నీళ్లలో మాత్రం అంతకన్నా తక్కువ లోతైనా నేను దిగను. చక్రాల మీద పక్కనుంచి తోసే ప్రవాహానికి బండి ఎత్తుతో పని లేదు. అక్కడ నాటుపడవ ఉండగా బండితో పౌరుషం ఎందుకు? నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ ఇంజిన్ ఆయిల్ గాజుకన్నులోంచి చూస్తాను. పాలు కలిసినట్టు తెల్లగా కనిపిస్తే లోపలికి నీరు చేరినట్టే, ఇక స్టార్టు చేయకూడదు.

రేడియేటర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పాత బండినుంచి దీనికి మారేవారికి ఇదే కొత్త చాకిరీ. ముందు చక్రం ఎగజిమ్మే బురద నేరుగా రేడియేటర్ రెక్కల్లోకి వెళుతుంది. కోతల కాలంలో దానికి గడ్డి, ఊక తోడవుతాయి. బురద ఎండితే లోపల పలకలా గడ్డకడుతుంది, గాలి ఆడదు, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. రోడ్డు మీద నడిచేవారికి ఫ్యాను చప్పుడు ఎప్పుడో గాని వినపడదు. గట్ల మీద మెల్లగా పోయేవాడికి అది రోజూ వినిపించే చప్పుడే, దానికి కంగారు పడనక్కర్లేదు. కంగారు పడవలసింది హైవే ఎక్కాక కూడా ఆగకపోతే. బురద పచ్చిగా ఉండగానే బకెట్టు నీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. సర్వీసింగ్ షెడ్డులో గన్నుతో దగ్గరనుంచి కొట్టనివ్వకండి, పల్చటి రెక్కలు వంగిపోతాయి, వంగినవి మళ్లీ సరిగా రావు. అదే గన్ను చక్రాల బేరింగుల మీద కొడితే గ్రీజు పోతుంది.

ఉప్పు ఇంకో శత్రువు. సముద్రపు గాలి, ఉప్పుటేటి నీళ్లు, చెరువు నీళ్లు కలిసి స్పోకులను, బోల్టు తలలను తినేస్తాయి. ఇది ఈ బండి లోపం కాదు, మా వైపు గేటుకు వేసిన ఇనుప గడియైనా అంతే. సాయంత్రం మంచినీళ్లతో కడగడం, వారానికోసారి గొలుసును కిరోసిన్ బ్రష్షుతో రుద్ది ఆరాక నూనె వేయడం, వైర్ల జాయింట్లలో గ్రీజు పెట్టడం చేస్తే చాలు. చేయనివారు ఏడాది తిరిగేసరికి పదేళ్ల బండిని చూస్తారు.

పంక్చర్లు మాత్రం నన్ను విసిగిస్తాయి. స్పోకుల చక్రాలు, లోపల ట్యూబు. తీరం వెంట సర్కారు తుమ్మ ముల్లు దిగితే ట్యూబ్‌లెస్ టైరుకు వేసే పుల్ల ఇక్కడ పనికిరాదు, చక్రం ఊడదీయాల్సిందే. 21 అంగుళాల ట్యూబు పల్లెటూరి పంక్చరు షాపులో అడిగితే నవ్వుతారు. ముందు ట్యూబు ఒకటి, టైరు లివర్లు, చేతిపంపు నా ఐసు పెట్టె పక్కనే ఎప్పుడూ ఉంటాయి.

హైవే గురించి తక్కువే రాస్తాను, ఫిర్యాదు లేదు గనుక. అమలాపురం నుంచి యానాం వంతెన దాటి కాకినాడ దాకా పాత బండితో వెళితే ఇంజిన్ గోలకు చెవులు హోరెత్తేవి. దీనికి ఆరో గేరు ఉంది, 80, 90 వేగంలో ఊపిరి బిగబట్టకుండా పోతుంది. లారీని దాటేటప్పుడు కింది గేరుకు దిగాలా వద్దా అని ఆలోచించనక్కర్లేదు. గోతుల్లో సస్పెన్షన్ గొప్పగా ఉంది, సీసాలు పగలకుండా చేరుతున్నాయి. పై రకంలో ఉన్న రంగుల తెర మీద ఫోను కలిపితే దారి చూపిస్తుంది. లంకల్లో వరద వచ్చిన ప్రతి ఏడూ దారి మారుతుంది కాబట్టి అక్కడ గేదెలు కాసే పిల్లలను అడగడమే మేలు.

ధర విడుదలప్పుడు షోరూములో సుమారు 1.76 లక్షలు, పై రకం 1.86 లక్షలు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి ఆ మేరకు తగ్గింది. బరువే ముఖ్యమనుకునేవారు కవాసాకి కేఎల్ఎక్స్ 230 వైపు చూస్తారు, అది 139 కిలోలే. నేను కూడా చూశాను. ట్యాంకు 7.6 లీటర్లు, సీటు ఇంకా ఎత్తు. రోజంతా గట్ల మీదే ఉండేవాడినైతే అదే తీసుకునేవాడిని. రోజులో సగం హైవే ఉంది గనుక ఇదే తీసుకున్నాను, గట్టు మీద నడుం పట్టేసినప్పుడల్లా ఇంకోసారి లెక్క వేసుకుంటూ.

ఇంట్లోవాళ్ల మాట కూడా చెప్పాలి. మా అమ్మ ఈ బండి వెనక సీటు ఒక్కసారే ఎక్కింది, అదీ అరుగు పక్కన ఆపితే. చీర కట్టుకున్నవాళ్లు ఒక పక్కకు కూర్చుని పోవడానికి ఆ ఎత్తు కుదరదు. గుడికైనా పెళ్లికైనా ఇంట్లో స్కూటరు ఉండాల్సిందే.

బండితో వచ్చిన టైర్లు రోడ్డుకు, మట్టికి మధ్యరకం. వేసవిలో అవి చాలు. సార్వా నాట్లు మొదలయ్యేముందు వెనకది మాత్రం విప్పి, గాళ్లు ఎడంగా ఉన్న టైరు వేస్తున్నాను. మట్టి దానంతటదే రాలిపోవడానికి ఆ ఎడమే కావాలి. హైవే మీద ఆ టైరు గుర్రుమంటుంది, తొందరగా అరుగుతుంది. దాళ్వా, అంటే రెండో పంట, నాటికి మళ్లీ పాతది ఎక్కిస్తాను. ఈ మార్పిడికి కూలి, టైరు ఖర్చు కొనేముందే లెక్కలో వేసుకోండి.