రూక్‌వుడ్ వాజు: బోర్లించి చూశాకే డబ్బులిచ్చాను

మేం అమెరికాలో సిన్సినాటి దగ్గర మేసన్‌లో ఉంటాం. కిందటి శనివారం ఒక యాంటిక్ మాల్‌లో ఏడంగుళాల రూక్‌వుడ్ వాజు (పూలు పెట్టే కూజా) 140 డాలర్లకు కొన్నాను. వారం రోజులుగా హాల్లో అటు వెళ్తూ ఒకసారి, ఇటు వస్తూ ఒకసారి చేతిలోకి తీసుకుంటూనే ఉన్నాను.

రూక్‌వుడ్ సిన్సినాటి పేరు నిలబెట్టిన కుండల కార్ఖానా. 1880లో మరియా లాంగ్‌వర్త్ నికల్స్ అనే ఆవిడ మొదలుపెట్టింది. ఆ కార్ఖానా 1889 పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం తెచ్చుకుంది. జపాన్ నుంచి వచ్చిన షిరాయమదాని లాంటి చిత్రకారులు చేత్తో బొమ్మలు వేసి సంతకం పెట్టినవైతే వేల డాలర్లు పలుకుతాయి. నాది అలాంటిది కాదు, అచ్చులో పోసిన మామూలు రకం. అయినా ఇంత బాగుంటుందనుకోలేదు.

గ్లేజుకు, అంటే మట్టి మీద పూసి కాల్చిన గాజులాంటి పూతకు, మెరుపు లేదు. బాగా పండిన జామకాయ తొక్కలా చేతికి మెత్తగా తగులుతుంది. పైన ముదురు నీలం, కిందికి వచ్చేసరికి ఆకుపచ్చ. చుట్టూ నెమలికన్నుల నగిషీ ఉంది. ఉబ్బిన అంచుల దగ్గర గ్లేజు పలచబడి లోపలి మట్టి రంగు గోధుమ గీతలా కనిపిస్తుంది, పల్లాల్లో మాత్రం రంగు చిక్కగా నిలిచింది. పొద్దున కిటికీ దగ్గర ఆ గీతలు చూడాలి!

దీని అడుగు చదవడం వస్తే పుట్టిన సంవత్సరం తెలిసిపోతుంది. తిరగేసిన ఆర్, దానికి ఆనుకుని పి కలిపిన గుర్తు 1886లో వచ్చింది. ఆ తర్వాత ఆ గుర్తుకు ఏడాదికో చిన్న జ్వాల బొమ్మ చొప్పున చేర్చుకుంటూ పోయారు. 1900కి 14 జ్వాలలయ్యాయి. 1901 నుంచి కింద రోమన్ అంకె వేయడం మొదలైంది. నా వాజు మీద ఉన్నది XXIV, అంటే 24, కాబట్టి 1924. అడుగున గీసిన ఇంటూ గుర్తు ఉంటే కార్ఖానావాళ్లే రెండో రకమని పక్కన పెట్టారని అర్థం, ధర తగ్గించి అడగండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, రెండేళ్ల కిందట ఫొటోలు చూసి ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర కొని మోసపోయాను. 'పగుళ్లు లేవు' అని రాశారు. ఇంటికొచ్చాక కుండను చూసినట్టు వేలితో కొట్టి చూస్తే మొద్దుగా 'డబ్' మంది. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే పగులు కప్పడానికి మూతి దగ్గర పూసిన రంగు వేరుగా వెలిగింది. డబ్బు వెనక్కి రాలేదు. ఆ బాధ ఇంకా ఉంది. అందుకే ఈసారి షాపులోనే కొట్టి చూశాను. గంటలా మోగింది. షాపాయన ఏమీ అనుకోలేదు, టార్చి ఆయనే తెచ్చిచ్చాడు!

గ్లేజు మీద సాలెగూడులా సన్నటి గీతలుంటే పగుళ్లనుకుని కంగారు పడొద్దు. చల్లారేటప్పుడు మట్టి, గ్లేజు ఒకేలా కుంచించుకోకపోతే అలా వస్తాయి. నా దానికి లోపలి వైపు కొంచెం ఉన్నాయి. ఆ గీతల్లోంచి నీళ్లు మట్టిలోకి దిగి మరక కడతాయి కాబట్టి, పూలు పెట్టాలంటే లోపల గాజు గ్లాసు పెట్టి అందులో నీళ్లు పోయండి. అడుగున తొలిచిన రంధ్రం ఉందేమో కూడా చూసుకోండి. లాంపు స్టాండ్లుగా మార్చినవి చాలా తిరుగుతున్నాయి.

కొనే ముందు సిన్సినాటి ఆర్ట్ మ్యూజియంలో రూక్‌వుడ్ సేకరణ చూసి రండి. పాత యూనియన్ టెర్మినల్‌లో రూక్‌వుడ్ టైల్స్‌తో కట్టిన ఒకప్పటి టీ రూమ్ కూడా ఉంది. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు అక్కడి గోడను అరచేత్తో తడిమి, "జాడీ లోపల తగిలినట్టే ఉందే" అంది. ఈ వాజు ఫొటో పంపితే "అడుగు చూపించు" అని మొదటగా అడిగింది కూడా ఆవిడే.