ఆరేళ్లు, 430 గంటలు: నా ఆర్‌వీ-9ఏలో ఇంజిన్ మానిటర్, దాని సెన్సర్లు

డాలస్‌కి ఉత్తరాన ఒక చిన్న ఎయిర్‌పోర్టులో నా హ్యాంగర్ ఉంది. ఒరెగాన్‌లోని వాన్స్ కంపెనీ కిట్ తెచ్చుకుని అందులోనే ఆర్‌వీ-9ఏ కట్టుకున్నాను. రెండు సీట్ల విమానం, లైకమింగ్ ఓ-320 ఇంజిన్, 160 హార్స్‌పవర్. ఇంజిన్ మానిటర్ బ్రాండ్ పేరు ఇక్కడ రాయడం లేదు. నాకు వచ్చిన ఇబ్బందులు ఏ బ్రాండ్ పెట్టుకున్నా వచ్చేవే. నాలుగు సిలిండర్ హెడ్ల వేడి, నాలుగు ఎగ్జాస్ట్‌ల వేడి, ఆయిల్ ప్రెషర్, ఆయిల్ వేడి, ఇంధనం ప్రెషర్, వోల్టులు, ఆంపియర్లు అన్నీ ఒకే స్క్రీన్ మీద చూపిస్తుంది.

స్క్రీన్ బాగుంది. టెక్సస్ ఎండలోనూ అంకెలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆగిపోలేదు. కానీ మొదటి ఏడాది దాన్ని నేను నమ్మలేకపోయాను. అందుకు కారణాలన్నీ కౌలింగ్ (ఇంజిన్‌ని కప్పే మూత) లోపల, వైర్ల చివర్లలో దొరికాయి.

అన్నిటికన్నా భయపెట్టిన సంగతి ముందు చెబుతాను. సొంతంగా కట్టిన విమానాన్ని ఇక్కడ మొదట కొన్ని గంటలు పరీక్షగా నడపాలి, నాకు 40 గంటలు పడింది. పద్దెనిమిదో గంటలో, సాయంత్రం పూట, దిగడానికి ముందు ల్యాండింగ్ లైట్లు, పిటో హీటర్ (గాలి వేగం కొలిచే గొట్టాన్ని వేడిగా ఉంచేది) వేశాను. వెంటనే ఆయిల్ వేడి 185 నుంచి 205 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి ఎగబాకింది. అదే క్షణంలో ఆయిల్ ప్రెషర్ 75 నుంచి 62కి పడింది. వేడి పెరిగి ప్రెషర్ తగ్గుతోందంటే ఇంజిన్‌లో ఆయిల్ పోతూ ఉండొచ్చని అర్థం. చేతులు చల్లబడ్డాయి. సెన్సర్ తప్పేమో అన్న ఆలోచన వచ్చింది కానీ గాల్లో ఉండగా ఆ ఆలోచనకి చోటివ్వలేదు. నేరుగా రన్‌వే మీదకి వచ్చి దిగాను. ఇప్పటికీ అదే చేస్తాను. నేల మీదకి వచ్చేదాకా గేజ్ చెప్పింది నిజమనే అనుకోవాలి.

దిగి చూస్తే ఆయిల్ నిండుగా ఉంది. ఎక్కడా లీక్ లేదు. ప్రెషర్ సెండర్ (ప్రెషర్ కొలిచి మానిటర్‌కి పంపే సెన్సర్) మార్చాను, తేడా లేదు. ఆయిల్ వేడి సెన్సర్ మార్చాను, తేడా లేదు. రెండు వారాంతాలు, రెండొందల డాలర్ల పైన పోయాయి.

ఆ ఆదివారం రాత్రి నాన్నతో ఫోన్‌లో మాట్లాడాను. నాన్న తెనాలిలో నలభై ఏళ్లు మోటార్ రివైండింగ్ షాపు నడిపారు. విమానం సంగతి ఆయనకి తెలియదు. నేను చెప్పిందంతా విని, "ఏవి కదిలాయో చెప్పావు, ఏవి కదల్లేదో చెప్పు" అన్నారు. ఆలోచించాను. సిలిండర్ల వేడి కదల్లేదు, ఆ సెన్సర్లకి రెండేసి వైర్లు. ఇంధనం ప్రెషర్ కూడా కదల్లేదు, దాని సెండర్ ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) మీద ఉంది. కదిలిన రెండూ ఒకే వైరుతో ఇంజిన్‌కే బిగించినవి. "అయితే ఎర్త్ చూడరా ముందు. ఇంజిన్‌కి ఎర్త్ ఎక్కడ కట్టావు?" అన్నారు.

మర్నాడు మీటర్ పట్టుకుని వెళ్లాను. వోల్ట్‌మీటర్ ఒక వైరు ఇంజిన్ కేస్‌కి, రెండోది మానిటర్ ఎర్త్‌కి పెట్టి, ఇంజిన్ నడిపి, లైట్లన్నీ వేశాను. 0.18 వోల్టులు చూపింది. అక్కడ దాదాపు ఏమీ ఉండకూడదు. ఇంజిన్‌కీ ఫైర్‌వాల్‌కీ మధ్య ఉన్న ఎర్త్ పట్టీని నేను పెయింట్ మీదే బిగించేశాను. ఆల్టర్నేటర్ కరెంటు తిరిగి ఇంజిన్‌కి చేరాల్సింది ఆ పట్టీలోంచే. లోడ్ పెరిగినప్పుడల్లా ఇంజిన్ కేస్ వోల్టేజి కొంచెం కిందకి జారుతుంది. ఒకే వైరు ఉండి, మరలోంచే ఎర్త్ తీసుకునే సెండర్లకి ఆ జారుడు తమ రెసిస్టెన్స్ తగ్గినట్టు కనబడుతుంది. నా సెండర్ల రకంలో వేడి సెన్సర్‌కి రెసిస్టెన్స్ తగ్గడమంటే వేడెక్కడం, ప్రెషర్ సెండర్‌కి తగ్గడమంటే ప్రెషర్ పడిపోవడం. ఒకే తప్పు రెండిట్నీ భయపడే దిక్కుకే తోసింది. పెయింట్ గీకి, కొత్త పట్టీ వేసి బిగిస్తే 0.02కి దిగింది. ఆ తర్వాత లైట్లు వేసినా ఆ రెండు అంకెలూ కదల్లేదు.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నా, ఇలాంటి సెండర్ల మర మీద టెఫ్లాన్ టేప్ చుట్టకండి. ఎర్త్ ఆ మరలోంచే పోతుంది. ప్రెషర్ సెండర్‌ని ఇంజిన్‌కే బిగించడం కూడా మంచిది కాదు, వైబ్రేషన్‌కి తొందరగా పోతుంది. తర్వాత నేను మూడు వైర్ల రకం, సొంత ఎర్త్ వైరు ఉన్నది తెచ్చి, ఫైర్‌వాల్ మీద పెట్టి గొట్టంతో కలిపాను. దానికి పెట్టిన డబ్బు గురించి ఎప్పుడూ బాధపడలేదు.

సిలిండర్ల వేడి చూపే థర్మోకపుల్స్ కథ వేరు. ఇవి రెండు వేర్వేరు లోహాల వైర్ల జత, రెండు చివర్ల మధ్య వేడి తేడాని బట్టి వోల్టేజి ఇస్తాయి. వాటి పసుపు వైరు ప్లస్, ఎరుపు మైనస్. మన ఇళ్లలో ఎరుపంటే ఫేజ్ అని చిన్నప్పటి నుంచి చూసిన చేతులు కదా, రెండో సిలిండర్‌కి తిప్పి కలిపేశాను. ఇంజిన్ వేడెక్కేకొద్దీ ఆ సిలిండర్ అంకె తగ్గుతూ పోయింది. ఇంకోచోట పొడవు చాలక మామూలు రాగి వైరు అతికించాను. అతుకు కౌలింగ్ లోపల 150 డిగ్రీల దగ్గర, మానిటర్ బాక్స్ 90 దగ్గర. ఆ 60 డిగ్రీల తేడా రీడింగ్‌లోంచి మాయమైంది. హెడ్ అసలు వేడి 410 ఉన్నా 350 అని చూపుతుంటే మనం నిశ్చింతగా ఎగురుతూ ఉంటాం. ఎగిరి గంతులేసే అంకె కన్నా నాకు ఇదే ఎక్కువ ప్రమాదంగా అనిపిస్తుంది. పొడిగించాలంటే అవే లోహాల వైర్లు తెచ్చుకోవాలి, వేరే దారి లేదు.

గంతులు కూడా చూశాను. మూడో సిలిండర్ ఒక్క సెకనులో 340 నుంచి 420కి, మళ్లీ వెనక్కి. అంత అల్యూమినియం ముద్ద సెకనులో 80 డిగ్రీలు వేడెక్కలేదు, చల్లబడలేదు. కనెక్టర్ దగ్గర మూడో సిలిండర్ వైర్లు, నాలుగో సిలిండర్ వైర్లు అటూఇటూ మార్చి ఒకసారి ఎగిరాను. గంతు నాలుగో గడిలోకి వెళ్లింది. అంటే మానిటర్ బాక్స్ మంచిదే, మూడో సిలిండర్ ప్రోబ్ (సెన్సర్) వైరు క్లాంప్ దగ్గర లోపల విరిగింది. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు, పది నిమిషాలు చాలు. అయినా కొత్త ప్రోబ్ ఆర్డర్ పెట్టాకే దీన్ని చేసేవాళ్లని చాలామందిని చూశాను.

రేడియోలో మాట్లాడినప్పుడు మాత్రమే ఒక ఎగ్జాస్ట్ అంకె ఊగేది. ఆ వైర్లని యాంటెన్నా కేబుల్‌తో కలిపి కట్టేశాను. విడదీసి, కేబుల్ కనెక్టర్ మళ్లీ క్రింప్ చేశాక (నొక్కి బిగించాక) ఊగడం ఆగిపోయింది.

మానిటర్‌లో నాకు బాగా పనికొచ్చింది లాగ్. ప్రతి సెకనూ అన్ని రీడింగులూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతాయి. ఏ అంకె ఏ అంకెతో కలిసి కదిలిందో ఇంట్లో కూర్చుని గ్రాఫ్‌లో చూడొచ్చు. గాల్లో ఆ టెన్షన్‌లో కళ్లకి అది దొరకదు. లోపం ఏంటంటే మాన్యువల్. ఎర్త్ గురించి అందులో ఒకే ఒక్క వాక్యం ఉంది, అదీ చివర్లో. ఫ్యాక్టరీ అలారాలు కూడా నాకు నచ్చలేదు. సిలిండర్ హెడ్‌కి లైకమింగ్ పెట్టిన హద్దు 500 డిగ్రీలు, అలారం అక్కడే పెట్టి ఇచ్చారు. నేను 400కి దించుకున్నాను. జులైలో విమానం పైకి ఎక్కేటప్పుడు మోగుతుంది, ముక్కు కొంచెం దించితే గాలి తగిలి చల్లబడుతుంది.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే మానిటర్ కొంటాను, సెండర్లు మాత్రం విడిగా ఎంచుకుంటాను. ఏటా చేసే తనిఖీలో ఇంజిన్ కేస్‌కీ మానిటర్ ఎర్త్‌కీ మధ్య లైట్లన్నీ వేసి వోల్టేజి కొలిచి లాగ్‌బుక్‌లో రాస్తున్నాను. పోయిన నెల 0.03 వచ్చింది. ఫోన్‌లో నాన్నకి చెబితే, "బోల్ట్ విప్పి ఒకసారి తుడిచి బిగించు" అన్నారు. శనివారం ఆ పని చేశాను, 0.02.