చిన్న కారుకి రివర్స్ కెమెరా అవసరమా? ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

"హ్యాచ్‌బ్యాక్‌కి కెమెరా ఎందుకండీ, తల తిప్పితే వెనకంతా కనపడుతుంది కదా!" చిన్న కారు కొనేవాళ్ల నోట ఈ మాట తరచూ వింటుంటాను. కెమెరా ఉన్న మోడల్‌కి పెట్టే డబ్బు దండగ అనేవాళ్లూ ఎక్కువే. నేను కెమెరా లేని హ్యాచ్‌బ్యాక్ చాలా ఏళ్లు నడిపాను. తర్వాత అదే బండికి బయట షాపులో కెమెరా బిగించుకున్నాను. ఇప్పుడు నడిపేది కంపెనీ కెమెరాతోనే వచ్చిన ఇంకో చిన్న కారు. మూడు రకాలుగానూ నడిపిన మనిషిగా చెబుతున్నాను, చిన్న కారుకి కూడా కెమెరా కావాలి. అయితే అది కావాల్సింది అందరూ అనుకునే పార్కింగ్ కోసం కాదు.

పార్కింగ్ సంగతి ముందే తేల్చేస్తాను. చిన్న కారులో వెనక అద్దం దాటగానే బండి అయిపోతుంది. సెడాన్‌లో లాగా డిక్కీ ఎక్కడిదాకా ఉందో ఊహించుకోవాల్సిన పని లేదు. నాలుగు రోజులు నడిపితే పక్క అద్దాలతోనే గీతల మధ్య చక్కగా పెట్టడం వచ్చేస్తుంది. కెమెరా ఉంటే గోడకి ఇంకో జానెడు దగ్గరగా ధైర్యంగా పోవచ్చు, అంతే తేడా. పార్కింగ్ మాత్రమే మీ లెక్క అయితే చిన్న కారుకి కెమెరా లేకపోయినా గడిచిపోతుంది.

అసలు విషయం అద్దం కింద కనపడని చోటు. అది ఎంత ఉంటుందో మాటల్లో చెబితే ఎవరూ నమ్మరు, మీ బండితో మీరే చూసుకోవాలి. నేను మామూలు నీళ్ల బకెట్ ఒకటి వెనక బంపర్‌కి ఆనించి పెట్టి, డ్రైవర్ సీట్లో కూర్చుని చూశాను. లోపలి అద్దంలో లేదు, పక్క అద్దాల్లో లేదు, సీటు మీద చెయ్యి వేసి ఒళ్లంతా వెనక్కి తిప్పి చూసినా లేదు. ఇంట్లోవాళ్లని బకెట్ ఒక్కో అడుగు వెనక్కి జరపమన్నాను. నా కారు పొడవంత దూరం పోయింది, అప్పటికీ కనపడలేదు. ఇంకా చాలా జరిపాక గానీ వెనక అద్దం కింది అంచు మీద బకెట్ పైభాగం సన్నగా కనిపించలేదు. మా ఆవిడ నాకంటే ఎత్తు తక్కువ. తను సీటు సర్దుకుని కూర్చుంటే బకెట్‌ని మరికాస్త వెనక్కి జరపాల్సి వచ్చింది. డ్రైవర్ కళ్లు ఎంత కిందికి ఉంటే కనపడని చోటు అంత పెరుగుతుంది. ఎత్తు తక్కువున్నవాళ్లకి కెమెరా ఎందుకంత ముఖ్యమో నాకు ఆ రోజే బాగా తెలిసింది.

రెండేళ్ల పిల్ల ఎత్తు సుమారు 85 సెంటీమీటర్లు. చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో వెనక అద్దం కింది అంచు నేల నుంచి అంతకంటే పైనే ఉంటుంది. అంటే పిల్ల బండి వెనకే నిలబడి ఉన్నా డ్రైవర్‌కి కనపడకపోవచ్చు. బంతి తీసుకోవడానికి వంగితే ఇక చెప్పక్కర్లేదు. ఇందులో బండి పొడవుకి ఏ సంబంధమూ లేదు. కనపడనిది అద్దం ఎత్తు వల్ల, వెనక అద్దానికి రెండు పక్కలా కప్పుని మోసే స్తంభాల లావు వల్ల, మూడు హెడ్‌రెస్ట్‌ల వల్ల. కొత్త చిన్న కార్లలో కిటికీల కింది అంచు వెనక్కి పోయేకొద్దీ పైకి లేస్తోంది, వెనక అద్దం చిన్నదైపోతోంది, స్తంభాలు లావెక్కుతున్నాయి. ఇరవై ఏళ్ల కిందటి చిన్న కార్లలో కూర్చుంటే గాజు పెట్టెలో కూర్చున్నట్టు ఉండేది. తల తిప్పితే చాలన్న సలహా ఆ కార్లకి చెల్లేది. ఇప్పటి కార్లకి చెల్లదు.

ఇది పెద్ద బండ్ల సమస్య అనేవాళ్లకి అమెరికా చట్టం సంగతి చెబుతాను. అక్కడ ఒక తండ్రి తన ఎస్‌యూవీని వెనక్కి తీస్తుంటే వెనకున్న రెండేళ్ల కొడుకు కనపడక ప్రాణం పోయింది. ఆ బాబు పేరుతోనే 2008లో చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం 2014లో నిబంధన తయారైంది, 2018 మే నుంచి అక్కడ అమ్మే ప్రతి కొత్త కారుకీ వెనక కెమెరా తప్పనిసరి అయింది. దానికి కారణమైన దుర్ఘటన ఎస్‌యూవీది. అయినా నిబంధనలో చిన్న కార్లకి మినహాయింపు ఇవ్వలేదు. సుమారు నాలుగున్నర టన్నుల లోపు బండ్లన్నిటికీ ఒకే కొలత: వెనక పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు మేర చోటు తెర మీద కనపడాలి. ఇలా వెనక్కి వచ్చే బండ్ల కింద పడి అమెరికాలో ఏటా సుమారు 210 మంది చనిపోతున్నారని, 15,000 మంది గాయపడుతున్నారని అప్పట్లో ఆ దేశ రోడ్డు భద్రతా సంస్థ లెక్క చెప్పింది. చనిపోయేవాళ్లలో 31 శాతం అయిదేళ్లలోపు పిల్లలు, 26 శాతం డెబ్బై దాటిన పెద్దవాళ్లు. తప్పుకోమని హారన్ కొట్టినా వెంటనే తప్పుకోలేనివాళ్లు వీళ్లే కదా.

రోజూ వాడుతుంటే తెలిసే లాభం ఇంకొకటి ఉంది. అది చిన్న కారువాళ్లకే ఎక్కువ పనికొస్తుంది. రెండు పెద్ద బండ్ల మధ్య నిలిపిన చిన్న కారుని బయటికి తీయడం ఎలా ఉంటుందో నడిపేవాళ్లందరికీ తెలుసు. అటూ ఇటూ మన కిటికీల కంటే ఎత్తైన తలుపులే. మన కళ్లేమో బంపర్‌కి రెండు మీటర్లకి పైగా ముందున్నాయి. దారిలో ఎవరొస్తున్నారో చూడాలంటే సగం బండి దారిలోకి వచ్చెయ్యాలి. కెమెరా కన్ను బంపర్ పైనే, డిక్కీ తలుపు దగ్గర ఉంటుంది. బండి వెనక భాగం ఒక్క అడుగు బయటికి వస్తే చాలు, వెడల్పు లెన్స్ కాబట్టి అటూ ఇటూ దారి తెర అంచుల్లో కనపడుతుంది. నేను చేసే పద్ధతి ఇది: అడుగు దూరం తీసి ఆగుతాను, తెర రెండు అంచులూ చూస్తాను, తర్వాత పక్క అద్దాలు చూసుకుని కదులుతాను. ఆగడం మాత్రం మానను. వెడల్పు లెన్స్ దూరంగా ఉన్నవాటిని బాగా చిన్నవి చేస్తుంది. వేగంగా వచ్చే మోటార్‌సైకిల్ మొదట చుక్కలా కనపడి, చూస్తుండగానే దగ్గరికి వచ్చేస్తుంది. గంటకి 5 కిలోమీటర్ల వేగం అంటే నడక వేగమే కదా అనిపిస్తుంది గానీ, ఆ వేగంలో బండి సెకనుకి 1.4 మీటర్లు పోతుంది. తెర చూసి, విషయం గ్రహించి, బ్రేక్ నొక్కేలోపు ఆ దూరం అయిపోతుంది. అందుకే రివర్స్‌లో యాక్సిలరేటర్ జోలికి పోకుండా క్లచ్, బ్రేక్ మీదే రావాలంటాను. ఆటోమేటిక్ అయితే బ్రేక్ ఒక్కటే.

కెమెరా చెప్పే అబద్ధాలు కూడా తెలుసుకోవాలి. అన్నిటికంటే ప్రమాదమైనది దూరం చూపడానికి తెర మీద వచ్చే రంగు గీతలతో వస్తుంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గీతలు దూరాన్ని నేల మట్టంలోనే లెక్కేస్తాయి. వెనక ఒక లారీ నిలబడి ఉందనుకోండి. దాని చక్రాలు పసుపు గీత అవతల ఉంటాయి, ఇంకా చోటుందని మనం వెనక్కి వస్తాం. కానీ లారీ వెనక చెక్క చక్రాల కంటే ఎంతో బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, ఆ ఎత్తులో దానికి గీతతో సంబంధం లేదు. చక్రాలు ఇంకా పసుపు గీత అవతల ఉండగానే మన డిక్కీ అద్దం పోతుంది. బయటికి వేలాడే ఇనుప కడ్డీలు, తెరిచిన కిటికీ రెక్కలు, వంగిన చెట్టు కొమ్మలు కూడా ఈ లెక్కలోవే. కెమెరా కిందికి చూస్తుంది కాబట్టి కొన్నిసార్లు అవి తెర మీదికే రావు. ఇలాంటిచోట తల తిప్పి అద్దంలోంచి చూడక తప్పదు. అద్దం కింద ఏముందో కెమెరా చెబుతుంది, పైన ఏముందో మన కళ్లే చెప్పాలి.

స్టీరింగ్‌తో పాటు వంగే గీతలు, ఎప్పుడూ నిటారుగా ఉండే గీతలు అని రెండు రకాలు. చిన్న కార్లలో తరచూ రెండో రకమే ఇస్తారు. స్టీరింగ్ తిప్పినప్పుడు బండి ఎటు పోతుందో అవి చెప్పవు. పైగా బండి వెనక్కి తిరిగేటప్పుడు ముందు మూల బయటికి విసురుగా పోతుంది, దాన్ని ఏ వెనక కెమెరా చూపించదు.

సెన్సార్లు చాలవా అని అడుగుతారు. భారత్‌లో 2019 జులై నుంచి కొత్త కార్లకి రివర్స్ సెన్సార్లు తప్పనిసరి కాబట్టి ఈ ప్రశ్న సహజమే. నా బండిలో రెండూ ఉన్నాయి, రెండింటి పనీ వేరు. సెన్సార్ ఎదురుగా ఏదో ఉందని కూత పెడుతుంది, ఏముందో చెప్పదు. సన్నటి స్తంభాన్నీ, వేలాడే గొలుసునీ, బంపర్ కిందికి వచ్చేసిన రాయినీ చాలాసార్లు పట్టుకోలేదు. ఒక్కోసారి పొడుగాటి గడ్డికి కూడా మోగుతుంది. అలా ఊరికే మోగడం అలవాటైపోతే నిజంగా మోగినప్పుడు పట్టించుకోం. అదే కూత వినగానే తెర మీద కారణం కనపడితే మనిషి ఆగుతాడు. అమెరికాలో పోలీసులకి చేరిన ప్రమాదాల మీద బీమా సంస్థల భద్రతా సంస్థ అధ్యయనం చేస్తే, కెమెరా ఉన్న బండ్లలో రివర్స్ ప్రమాదాలు సుమారు 17 శాతం తగ్గాయి. కెమెరా, సెన్సార్లు, తనంతట తానే పడే బ్రేక్, మూడూ ఉన్న బండ్లలో 78 శాతం దాకా తగ్గాయి. ఆ 17 చూసి కెమెరా వల్ల ఉపయోగం లేదని అనను. తెర ఉన్నా చూడకపోతే ఇంతే అని అర్థం చేసుకుంటాను.

పెద్దవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మా నాన్నగారికి మెడ పట్టేసి ఉంటుంది, భుజం దాటి తల తిరగదు. ఆయనకి కెమెరా లేని బండి ఇస్తే వెనక్కి తీసేటప్పుడు అద్దాలే దిక్కు. మెడ నొప్పి, నడుం నొప్పి ఉన్నవాళ్లు ఇంట్లో బండి నడుపుతుంటే ఇక ఆలోచించొద్దు, కెమెరా పెట్టించండి.

నిర్వహణ పెద్దగా లేదు గానీ, అసలు లేదనుకుంటే పొరపాటు. హ్యాచ్‌బ్యాక్ వెనక భాగం తిన్నగా తెగినట్టు ఉంటుంది కాబట్టి చక్రాలు లేపిన బురద, దుమ్ము అంతా అక్కడే చేరుతుంది. వానాకాలంలో లెన్స్ మీద ఒక్క చుక్క నిలిచినా తెర సగం మసకే. బండిలో మెత్తటి తడి గుడ్డ ఉంచుకుని, డిక్కీ తీసిన ప్రతిసారీ ఒకసారి తుడుస్తాను. పొడి గుడ్డతో దుమ్ము మీద రుద్దితే గీతలు పడి, రాత్రిళ్లు ప్రతి దీపమూ తెర మీద పువ్వులా విచ్చుకుంటుంది. నేను బయట బిగించిన కెమెరాలో కొన్నాళ్లకి లెన్స్ లోపల ఆవిరి చేరింది. అది తుడిస్తే పోయేది కాదు, కెమెరా మార్చాల్సిందే. తర్వాత తెర మిణుకు మిణుకుమనడం మొదలైంది. చూస్తే కెమెరా బాగానే ఉంది, డిక్కీ తలుపు కీలు దగ్గర రబ్బరు గొట్టంలోంచి పోయే తీగ తెరిచీ మూసీ నలిగి తెగింది. బొమ్మ వస్తూ పోతూ ఉంటే కెమెరా కొనడానికి ముందు ఆ గొట్టం విప్పి చూడమనండి.

కొత్తగా బిగించుకునేవాళ్లు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. తెర మీద బొమ్మ అద్దంలో లాగా ఉండాలి, ఎడమవైపున్నది ఎడమవైపే కనపడాలి. కొన్ని కెమెరాలు ముందు వైపుకి కూడా వాడేలా చేస్తారు, వాటిలో ఇది మార్చుకునే వీలుంటుంది. బిగించేవాళ్లు మరిచిపోతే కుడి ఎడమలు తారుమారై, స్టీరింగ్ తప్పు వైపు తిప్పుతాం. నీటికి, దుమ్ముకి ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీ రేటింగ్ 67 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నదే తీసుకోండి. తెర డ్యాష్‌బోర్డు కింది భాగంలో కాకుండా పైకి ఉంటే మంచిది. నా పాత బండిలో లోపలి అద్దంలోనే కలిసిన తెర పెట్టించుకున్నాను, చిన్నదైనా అదే నచ్చింది. ఎటూ చూసే అద్దమే కాబట్టి చూపు కిందికి దిగదు.

డబ్బులు ఇచ్చే ముందు ఇంకొక్క పరీక్ష చేయించండి. బండి పూర్తిగా ఆపి, మళ్లీ స్టార్ట్ చేసిన వెంటనే రివర్స్ వేయండి. కొన్ని టచ్‌స్క్రీన్లు ఇంకా కంపెనీ గుర్తు చూపిస్తూ కూర్చుంటాయి, ఈలోపు బండి వెనక్కి కదిలిపోతుంది. రివర్స్ వేసిన రెండు సెకన్లలో బొమ్మ రావాలన్నది అమెరికా నిబంధన. మన పరీక్షకీ అదే కొలత పెట్టుకోండి, రాకపోతే ఆ తెర వద్దని చెప్పి ఇంకోటి చూపించమనండి.