అరకు ప్రయాణం: అద్దాల బోగీయా, మామూలు కిటికీయా, కారా?

కార్తీకం వచ్చిందంటే మా ఇంటికి వచ్చే ఫోన్లలో సగం ఇదే ప్రశ్న: "అరకు రైల్లో విస్టాడోమ్, అదే అద్దాల బోగీ, దొరకలేదు, మామూలు బోగీలో వెళ్ళొచ్చా, కారు మాట్లాడుకోమంటారా?" మేం ఉండేది విశాఖలో కాబట్టి చుట్టాలు మమ్మల్నే అడుగుతారు. రెండేళ్ళలో మూడు విధాలుగానూ వెళ్ళొచ్చాను. రైల్లో రెండుసార్లూ అమ్మ పక్కనే ఉంది.

విస్టాడోమ్ బాగోదని ఎవరన్నా నేను ఒప్పుకోను. పైకప్పు దాకా అద్దాలు, ఎటు కావాలంటే అటు తిప్పుకునే సీట్లు, ఏసీ. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి, చంటిపిల్లల తల్లులకి అదే సుఖం. వానాకాలంలోనైతే దానికి పోటీయే లేదు. మామూలు బోగీలో జల్లు కొడితే కిటికీ దించేసుకోవాలి, అక్కడితో చూడ్డం ఆఖరు. అద్దాల బోగీలో వాన నెత్తిమీదే కురుస్తుంటుంది, కొండల మీంచి తెల్లటి ధారలు దిగుతుంటే కూర్చున్నచోటు నుంచే చూడొచ్చు.

అయినా చలికాలంలో నా ఓటు మామూలు బోగీకే. కారణం ఒక్కటే, గాలి.

పోయినేడు అద్దాల బోగీలో వెళ్ళినప్పుడు అమ్మ దారంతా సంతోషంగానే చూసింది. అరకు ప్లాట్‌ఫాం మీద కాలు పెట్టగానే మాత్రం "అమ్మో, ఇంత చలేంటే!" అంది. విశాఖ నుంచి ఏసీ చల్లదనంలోనే కూర్చుంది కదా, కొండెక్కిన సంగతి ఒంటికి తెలియలేదు. ఈసారి మామూలు బోగీలో రిజర్వేషన్ చేయించాను. శృంగవరపుకోట దాకా ఊళ్ళూ పొలాలూ, గాలిలో ఇంకా మన ఎండ వాసనే. బొడ్డవర దాటి శివలింగపురం వైపు ఎక్కుతుంటే కిటికీలోంచి పచ్చి ఆకు వాసన మొదలైంది. త్యాడ దగ్గర కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. చిమిడిపల్లి వచ్చేసరికి, ఎవరూ చెప్పకుండానే, అమ్మ చెంగు చెవుల మీదికి లాక్కుంది. ప్రతి సొరంగంలోనూ పిల్లలు కిటికీలకి మూతులానించి "ఓ..." అని అరుస్తారు, ఆ కేక గోడకి కొట్టుకుని తిరిగి మన బోగీలోకే వస్తుంది. సొరంగం లోపలి తడి చల్లదనం ఒకటి, బయటపడ్డాక తగిలే గాలి ఇంకొకటి. సముద్రం ఒడ్డు నుంచి దాదాపు 1000 మీటర్ల ఎత్తుకి మూడు నాలుగు గంటల్లో ఎక్కుతున్నామన్నది అద్దంలోంచి కళ్ళకి మాత్రమే తెలుస్తుంది, తెరిచిన కిటికీలోంచైతే ఒళ్ళంతా తెలుస్తుంది. అన్నట్టు, ఆ ఎత్తు అరకుది కాదు, దానికి ముందొచ్చే సిమిలిగుడ స్టేషన్‌ది. అక్కణ్ణుంచి అరకుకి బండి కాస్త దిగుతుంది.

రిజర్వేషన్ లేకుండా మాత్రం ఆదివారాల్లో, డిసెంబరు, జనవరి నెలల్లో ఎక్కకండి. నిలబడి వెళ్ళేవాళ్ళకి లోయ కాదు, ముందువాళ్ళ వీపులే కనిపిస్తాయి. ఇంకో సంగతి, ఈ లైను మన షికార్ల కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తెచ్చి జపానుకి పంపడానికి 1960లలో వేశారు. ఇప్పటికీ ఖనిజం మోసే గూడ్సు బళ్ళ రద్దీ దానిమీద ఎక్కువే. అందుకని మన బండి కొంచెం ఆలస్యమవుతుందనుకునే బయల్దేరండి, అరకులో దిగాక చూడాల్సినవి గంటల లెక్కన బిగించుకోకండి.

కారు సంగతి. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు: అనంతగిరి కాఫీ తోటలు, గాలికొండ వ్యూపాయింట్, దారిపక్క బొంగు చికెన్. కానీ ఘాట్‌లో నడిపే మనిషికి మలుపులు తప్ప ఏమీ కనిపించవు, వెనక సీట్లో సగం మందికి కడుపులో తిప్పుతుంది. నేనైతే వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు అంటాను. తిరుగు రైలు విశాఖ చేరేసరికి రాత్రవుతుంది, చలికాలంలో ఆఖరి సగం చీకట్లోనే గడిచిపోతుంది. అరకులో కారు మాట్లాడుకుని దిగొస్తే బొర్రా గుహలూ ఆ దారిలోనే పూర్తవుతాయి. సామాన్లతో పొద్దున్నే బొర్రా స్టేషన్‌లో దిగిపోయే వాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. కరకవలస, సిమిలిగుడ మీదుగా ఉన్న ఆ చివరి గంటని వాళ్ళు వదులుకుంటున్నారు. టూరిజం బస్సు ప్యాకేజీలు కూడా ఉన్నాయి, తొందరలో ఉన్నవాళ్ళకి సరిపోతాయి.

ఇక దిగాక ఏం చెయ్యాలంటే, కాళ్ళలో సత్తువ ఉంటే కటికి జలపాతం. బొర్రా దగ్గర్నుంచి జీపులో గతుకుల దారి, తర్వాత నడక. చెమట పట్టాక ఆ నీళ్ళ తుంపర మొహాన పడితే ప్రాణం లేచొస్తుంది. చాపరాయి జలపాతం దగ్గర పిల్లలు నీళ్ళలో ఆడుకోవచ్చు కానీ నాచు పట్టిన బండలు, చెయ్యి వదలకండి. వంజంగి కొండ మీంచి కనిపించే మబ్బుల కోసమైతే ముందురాత్రి దాని దగ్గరున్న పాడేరులోనే పడుకోవాలి. చీకటితోనే కొండెక్కకపోతే సూర్యోదయం అందదు. అరకు నుంచి పొద్దున లేచి వెళ్దాంలే అనుకునేవాళ్ళు దాన్ని ఇంకో ప్రయాణానికి ఉంచుకోవడం మంచిది. పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం అరకు ఊళ్ళోనే ఉన్నాయి, ఓ పూట చాలు.

నవంబరులో వెళ్తే వలిసె పూలు విరబూసి ఉంటాయి, అరకు చుట్టుపక్కల చేలన్నీ పసుపే. టికెట్ తీసుకునేటప్పుడు విశాఖ నుంచి వెళ్ళే బండిలో కుడివైపు కిటికీ దొరుకుతుందేమో చూడండి, లోయ ఎక్కువగా అటే. పెద్దవాళ్ళకి ఓ శాలువా చేతిసంచిలోనే పెట్టండి. పెట్టెలో పెడితే త్యాడ దగ్గర తియ్యలేరు.