భరోసా కేంద్రం, హైదరాబాద్: బిడ్డ మాట వినడం తెలిసిన చోటు

సైఫాబాద్‌లో పబ్లిక్ గార్డెన్స్ ఎదుట, హాకా భవన్‌లో 2016 నుంచి నడుస్తున్న భరోసా కేంద్రం గురించి రాస్తున్నాను. లైంగిక హింసకు గురైన స్త్రీలకు, పిల్లలకు వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సహాయం, పోలీసు విచారణ ఒకే కప్పు కింద అందాలని పోలీసు శాఖ దీన్ని పెట్టింది. నేను ప్రభుత్వ బడిలో పంతులమ్మను. మా బడి పాపకూ వాళ్ళ అమ్మకూ తోడుగా వెళ్ళాను. పాప పేరు, ఊరు, తరగతి చెప్పను. చట్టమూ వద్దంటుంది, నా మనసూ ఒప్పదు.

అంతకుముందు వెళ్ళిన ఒక పోలీస్ స్టేషన్‌లో, జనం కూర్చున్న వరండాలోనే జరిగినదంతా చెప్పమన్నారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి అదే అడిగారు. పాప నా కొంగు పట్టుకుని మౌనంగా ఉండిపోయింది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం బిడ్డ వాంగ్మూలాన్ని ఆమె ఇంట్లో గానీ, ఆమె కోరిన చోట గానీ తీసుకోవాలి. తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు. ఇవేవీ మాకు అక్కడ ఎవరూ చెప్పలేదు.

భరోసాలో మామూలు చుడీదార్‌లో ఉన్న ఒకామె ముందు అడిగింది, "అన్నం తిన్నావా నాన్నా?" అని. ఎక్కడ కూర్చుంటావని అడిగితే పాప అమ్మ పక్కన చోటు చూపించింది. "నీకు చెప్పాలనిపించినంతే చెప్పు, ఆపమంటే ఆపేద్దాం" అన్నారు. పాప మధ్యలో ఆపింది. వాళ్ళు నిజంగానే ఆపారు. తన ఒంటి మీద తన మాటే చెల్లకుండా పోయిన బిడ్డకు, ఆ గదిలో తన మాట చెల్లింది. నా దృష్టిలో అసలు వైద్యం అదే. భయపడిన పిల్లలకు జ్ఞాపకాలు వరసగా రావు. పాప ముందు ఆదివారం అని, తర్వాత సోమవారం అంటే ఎవరూ కసురుకోలేదు, అబద్ధమనలేదు.

వైద్య పరీక్ష గురించి తల్లికి చాలా భయం, ఇరుగుపొరుగు ఏవేవో చెప్పారు. డాక్టరమ్మ ఏం చేయబోతోందో ముందే చెప్పి, పాప సరేనన్నాకే ముట్టుకుంది. శరీరం లోపల వేళ్ళతో చూసే 'రెండు వేళ్ళ పరీక్ష' చేస్తే దుష్ప్రవర్తనగా పరిగణిస్తామని సుప్రీంకోర్టు 2022లో చెప్పిందని కూడా వివరించింది. "నేను పనికి పోకుండా ఉంటే బాగుండేది టీచరమ్మా" అని దారంతా ఏడ్చిన ఆ తల్లితో విడిగా కూర్చుని మాట్లాడారు. తప్పు చేసినవాడిదే తప్పని ఎంతో ఓపికగా చెప్పారు.

సాక్ష్యం చెప్పేటప్పుడు బిడ్డకు నిందితుడు ఎదురుపడకూడదన్నది చట్టం. అందుకు తగిన బాలల స్నేహపూర్వక న్యాయస్థానం 2018లో ఇక్కడే మొదలైంది. తుది తీర్పు కోసం ఆగకుండా మధ్యంతర పరిహారం అడగవచ్చని కూడా అక్కడే తెలిసింది. కూలి పోగొట్టుకుని తిరిగే తల్లికి అది చిన్న సంగతి కాదు.

ఇంత మంచి కేంద్రం ఉందని అవసరమైనవాళ్ళలో చాలామందికి తెలియకపోవడమే నా బాధ. మా బడి నోటీసు బోర్డు మీద ఈ కేంద్రం చిరునామా, పిల్లల సహాయ ఫోన్ 1098 నంబరు పెద్ద అక్షరాలతో రాయించాను. మీ బడిలోనూ రాయించండి.